ఉల్లిగడ్డ, గొర్రె, నెత్తుటి తడిక

పెద్దోడా, చిన్నమ్మీ,

మొన్న ఫోన్‌ల మీరడిగినదానికి జవాబు చెప్పబోతుంటే సిగ్నల్ పోయింది. మహారాష్ట్రల ఉన్న మన దెగ్లూర్ సంగతి మీకు తెలిసిందే కదా, అందుకే రాస్తున్న. రోడ్డు పక్కన ఎవరో పారబోసిన కుళ్లు ఉల్లిగడ్డలు మన ఆవూ తిన్నది, కుర్మోళ్ల గొర్రెలూ తిన్నయి. కొన్ని దినాలకు ఆవు మూత్రం కాఫీ డికాషన్ లెక్కయింది, కంటి రెప్ప లోపలి ఎరుపు పోయి తెల్లబడ్డది. గొర్రెలకు ఏం కాలే. "ఎందుకు తాతా?" అంటిరి.

ఉల్లిలోని గంధకపు పదార్థాలు నెత్తుట్లకు చేరి ఎర్ర కణాలలోని హిమోగ్లోబిన్‌ను పాడు చేస్తయి. (ఎర్ర కణాలంటే మీ మరాఠీ పుస్తకంలో తాంబడ్యా పేశీ అని ఉంటది చూడండి, అవే. తెలుగుల పేశి అంటే కండకు సంబంధించింది, రెండూ కలిపెయ్యకండి.) పాడైనది ముద్దకట్టి కణం అంచుకు అంటుకుంటది. నేను పశువుల దవాఖానల కంపౌండర్‌గా ఉన్నప్పుడు డాక్టర్ సాబ్ గాజుపలక మీద నెత్తుటిచుక్కకు నీలిరంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూపించిండు: కణం అంచుకు చిన్న నీలి చుక్క, శనగపప్పుకు పురుగు పట్టినట్టు. వాటిని హైంజ్ బాడీలంటరు. అట్లాంటి కణాలు పగిలితే ఆ ఎరుపే మూత్రంలకు దిగుతది.

ఆవు కంటే గొర్రె ఉల్లిని బాగా తట్టుకుంటది, అది జాతి తేడా. కానీ గొర్రెకూ గొర్రెకూ మధ్య ఉన్న తేడానే నాకు ఎక్కువ తమాషా.

ఎర్ర కణం పాడుగాకుండా కాపలా కాసేది గ్లూటాథయోన్ అనే పదార్థం. గ్లుటామేట్, సిస్టీన్, గ్లైసిన్ అనే మూడు అమైనో ఆమ్లాలను గుచ్చిన చిన్న దండ అది. కణం దాన్ని లోపలే అల్లుకుంటది. పూసలు బయటినుంచి రావాలె. కణం గోడేమో కొవ్వు పొర, అమైనో ఆమ్లాలు అందులోంచి ఊరికే దూరలేవు. అందుకే గొర్రెల దొడ్డికి తడిక ఉన్నట్టు, గోడల ప్రొటీన్ తడికలుంటయి.

1975ల ఇంగ్లండ్‌ల యంగ్, ఎల్లరీ, టకర్ అనే శాస్త్రవేత్తలు ఫిన్నిష్ లాండ్రేస్ జాతి గొర్రెల నెత్తురు పరీక్షించిండ్రు. కొన్నిట్ల గ్లూటాథయోన్ బాగా తక్కువ. దండ అల్లే పనిల లోపం కాదు, సిస్టీన్ వచ్చే తడికే పనిచేస్తలేదు. తడిక పడితే బయటి గొర్రె లోపలికి రాదు, లోపలిది బయటికీ పోదు కదా! లైసిన్, ఆర్నిథిన్ అనే వేరే అమైనో ఆమ్లాలు కణంలనే కుప్పపడ్డయి. మందల చూస్తే మాత్రం అది మామూలు గొర్రె, ఉన్ని చూసి ఎవరూ పోల్చలేరు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు దిక్కులా లోపం వస్తేనే అది బయటపడుతది. ఒక్క దిక్కు వచ్చినదానికి మిగిలిన మంచి తడిక సరిపోతది, కానీ అట్లాంటి రెండు గొర్రెలు జతకడితే నాలుగు పిల్లలలో ఒకటికి ఆ లోపం రావచ్చు. ఇంకో రకం గొర్రెలలో తడిక బాగుంటది, దండ అల్లే ఎంజైమే (ఆ పని జరిపే ప్రొటీన్) మందకొడి.

"అయితే గ్లూటాథయోన్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదా?" అని చిన్నమ్మి అడుగుతది, నాకు తెలుసు. జపాన్‌ల కొన్ని కుక్కలను చూడండి. మామూలు కుక్క ఎర్ర కణం ఎదిగేసరికి సోడియంను బయటికి తోడే పంపును పోగొట్టుకుంటది. వీటిల వంశపారంపర్యంగా ఆ పంపు మిగిలిపోతది. బయట సోడియం ఎక్కువ, లోపల తక్కువ. లోపలికొచ్చే సోడియం చెయ్యి పట్టుకొని గ్లుటామేట్ లోపలికి దూరుతది, దండలు తెగ అల్లుకుంటయి. అయినా ఉల్లి తినిపిస్తే దెబ్బ ఎక్కువ తగిలింది ఈ కుక్కలకే! ఉల్లిలోని పదార్థంతో కలిసి గ్లూటాథయోనే ఆక్సీకరణను, అంటే హిమోగ్లోబిన్ పాడయ్యే పనినే, ఎగదోస్తదట. నేనైతే ఇది చదివి పుస్తకం మూసి కాసేపు కూర్చున్న.

ఆవు లేచి తిరుగుతున్నది, నిన్న గడ్డి తిన్నది. మన నల్లకుక్కకు ఆ పంపు ఉన్నదో లేదో గానీ, పోయిన దసరాకు దానికి ఉల్లిగడ్డ పకోడీలు వేసింది ఎవరో నేను చూసిన.

మీ తాత