ఉప్పుగాలిలో గడ్డం కత్తి

సఖినేటిపల్లి నుంచి ఒక పాఠకుడు రాశారు: “సరదాకొద్దీ మడిచే మంగలి కత్తి ఒకటి కొనుక్కున్నానండీ. ఆదివారం ఆదివారం దాంతోనే గడ్డం గీసుకుంటాను. కడిగి, తుడిచి, తోలు పట్టా మీద రాసి పెట్టెలో పెడతాను. మళ్లీ ఆదివారం తీసేసరికి తెగదు. హైదరాబాదులో మా బావ దగ్గర కూడా ఇలాంటిదే ఉంది. ఆయన నాకన్నా బద్ధకస్తుడు. అయినా ఆయన కత్తి హాయిగా తెగుతోంది. నా కత్తికేం రోగం?”

రోగం మీ ఊరి గాలిలో ఉందండీ. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది మీ మండలంలోనే ఉంది. సాయంత్రం చొక్కాని ఒంటికి అంటించే ఆ గాలే పెట్టెలోకీ దూరుతోంది.

గడ్డానిది అసలు తప్పే లేదని కాదు. 2020లో ఎం.ఐ.టి. పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఒక సంగతి బయటపెట్టారు. వెంట్రుక ఉక్కు కంటే దాదాపు 50 రెట్లు మెత్తన. అయినా వంగిన వెంట్రుక వాలుగా తగిలితే, ఉక్కు లోపలి నిర్మాణం సమంగా లేని చోట వాదర నుంచి సన్నటి పెచ్చు ఊడిపోతుంది. దీనికి మందు తేలిక. గీసే ముందు రెండు మూడు నిమిషాలు గడ్డాన్ని వేడినీళ్లతో నాననివ్వడమే. నీళ్లు కెరాటిన్‌లోని, అంటే వెంట్రుకకి గట్టిదనమిచ్చే ప్రొటీన్‌లోని, హైడ్రోజన్ బంధాలను సడలిస్తాయి, వెంట్రుక మెత్తబడుతుంది. గడ్డం గురించి ఇంతకు మించి చెప్పను. మీ బావగారిదీ గడ్డమే కదా.

బాగా నూరిన కత్తికి వాదర కొస మందం అర మైక్రాన్ లోపే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. గడ్డం వెంట్రుక ఒక్కొక్కటీ వంద మైక్రాన్ల మందం ఉంటుంది. కత్తి వెన్ను మీద అర మైక్రాన్ లోతున తుప్పు తింటే కంటికి ఆనదు. అదే అర మైక్రాన్ కొస దగ్గర తింటే కొసే ఉండదు. అద్దంలా మెరుస్తున్న కత్తి గడ్డాన్ని పీకడం ఇందుకే.

బళ్లో మూడు పరీక్ష నాళికలు, మూడు మేకుల ప్రయోగం అందరం చదివిందే. నీళ్లూ గాలీ ఉన్న నాళికలో మేకు తుప్పుపడుతుంది. మరిగించిన నీళ్ల మీద నూనె పోసిన దాంట్లో పట్టదు. పొడిగాలి ఉన్న దాంట్లోనూ పట్టదు. నీరు, ఆక్సిజన్ రెండూ కావాలని రాసి మార్కులు తెచ్చుకుంటాం. బంగాళాఖాతం పక్కన కూర్చుని ఈ పాఠం చెబుతూ, నాలుగో నాళికలో చిటికెడు ఉప్పు వేసి చూపించరేమిటో నాకు అర్థం కాదు. మన దగ్గర అసలు కథ నడిపేది అదే.

వంటింట్లో కల్లుప్పు జాడీ చూడండి. వర్షాకాలం మాటెలా ఉన్నా, మామూలు రోజుల్లోనూ అడుగున చెమ్మ ఊరుతుంది. శుద్ధమైన సోడియం క్లోరైడ్ అయితే గాలిలో తేమ 75 శాతం దాటితేగాని నీరు కాదు. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది 33 శాతం తేమకే గాలిలోని నీటిని లాక్కుని కరిగిపోతుంది. కోనసీమ గాలి అంత పొడిగా ఉండే రోజు ఎప్పుడొస్తుంది? సముద్రపు నురగ నుంచి లేచిన తుంపర్లు ఎండి, కంటికి కనిపించని ఉప్పు రేణువులై గాలిలో తేలుతుంటాయి. అలాంటి రేణువు ఒకటి కత్తి మీద వాలితే, తన నీళ్లు తనే తెచ్చుకుని చుక్కగా మారి అక్కడే కూర్చుంటుంది. మీరు కత్తిని ఎంత పొడిగా తుడిచినా దానికి లెక్కలేదు. చెమటలో ఉన్నది ఉప్పే, తీరప్రాంతపు బోరు నీళ్లలో ఉన్నదీ ఉప్పే. ఆ నీళ్లతో కత్తి కడిగి ఆరబెడితే ఉప్పుని మనమే పూసినట్టు.

ఇక ఆ చుక్క కింద ఏం జరుగుతుందో చూద్దాం. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఇష్టమైన భాగం ఇదే. 1920లలో కేంబ్రిడ్జిలో యు.ఆర్. ఇవాన్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఇనుప రేకు మీద ఉప్పునీటి చుక్క వేసి, రంగు మార్చే కారకాలు కలిపి గమనించాడు. చుక్క అంచు పలచన. అక్కడికి గాలిలోని ఆక్సిజన్ ఇట్టే చేరుతుంది. చుక్క నడుమ లోతు ఎక్కువ, ఆక్సిజన్ అందడం ఆలస్యం. ఈ చిన్న తేడాకే ఆ చుక్క ఒక బ్యాటరీ అయిపోతుంది. నడుమ ఇనుము రెండేసి ఎలక్ట్రాన్లు వదిలి ఫెర్రస్ అయాన్లుగా కరుగుతుంది. అది ఆనోడు. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా అంచుకి చేరతాయి. అక్కడ ఆక్సిజన్, నీరు వాటిని అందుకుని హైడ్రాక్సైడ్ అయాన్లవుతాయి. అది కాథోడు. ఇవీ అవీ నడిదారిలో కలుసుకున్న చోట తుప్పు వలయంలా పేరుకుంటుంది. అంటే తుప్పు కనిపించే చోటు ఒకటి, లోహం పోయే చోటు ఇంకొకటి! వలయాన్ని తుడిచేసి హమ్మయ్య అనుకుంటాం. గుంట దాని మధ్యలో ఉంటుంది. ఇందులో క్లోరైడు చేసే పని రెండు విధాలు. చుక్కలో విద్యుత్తు సులువుగా పారేలా చేస్తుంది, ఇనుము మీద రక్షణ పొర కుదురుకోకుండా చెడగొడుతుంది.

ఇక్కడో తమాషా. తుప్పు అన్ని వైపులా సమంగా తింటే కత్తి మొద్దుబారదు! మామూలు గడ్డం కత్తికి రెండు పక్కలా కలిపి వాదర కోణం సుమారు 16 డిగ్రీలు, అంటే ఒక్కో పక్క 8. రెండు పక్కలా 0.1 మైక్రాన్ చొప్పున సమంగా కరిగితే, కొస దాదాపు 0.7 మైక్రాన్ వెనక్కి జరుగుతుందే గాని వాడిగానే ఉంటుంది. అరిగిన ఆకురాళ్లను ఆమ్లంలో వేసి పళ్లకు వాడి తెప్పించే పాత చిట్కా వెనక ఉన్న లెక్క ఇదే. మన ఉప్పు చుక్కలు అలా సమంగా తినవు. ఒకచోట తిని పక్కన వదిలేస్తాయి. అప్పుడు ఆ ఏడు రెట్ల లెక్క ఎదురు తిరుగుతుంది. ఒక చుక్క పక్కనున్న ఉక్కు కంటే 0.1 మైక్రాన్ ఎక్కువ తింటే వాదరలో 0.7 మైక్రాన్ లోతు గాటు పడుతుంది. వాదర ఎంత సన్నగా ఉంటే గాటు అంత లోతు. కొబ్బరికాయ కొట్టే కత్తికి ఈ బాధ లేదు, దాని కోణం పెద్దది.

అంకెలతో చూస్తే భయం వేస్తుంది. ఐ.ఎస్.ఓ. 9223 ప్రమాణం ప్రకారం తుప్పు తీవ్రత మధ్యస్థంగా ఉన్న వాతావరణంలో, ఆరుబయట మామూలు ఉక్కు మొదటి ఏడాది 25 నుంచి 50 మైక్రాన్లు పోతుంది. నడుమ 36 అనుకుంటే రోజుకి 0.1 మైక్రాన్. ఇంట్లో, పెట్టెలో అందులో పదో వంతే అనుకుందాం. వారానికి 0.07. చుక్కలు చుక్కలుగా తింటే గాట్లు అర మైక్రాన్ లోతు పడతాయి. ఆదివారం నుంచి ఆదివారానికి మీ కత్తి కొస ఏమైందో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

కత్తికి విశ్రాంతి ఇస్తే పదును దానంతట అదే తిరిగి వస్తుందని నమ్మేవాళ్లున్నారు. చెకొస్లొవేకియాలో కారెల్ డ్రబల్ అనే ఆయన, అట్ట పిరమిడ్ కింద బ్లేడు పెడితే పదును నిలుస్తుందని 1959లో పేటెంట్ కూడా సంపాదించాడు. మంగళవారం గడ్డం గీయకూడదనే నియమం మనది. పాటించేవాళ్లు పాటించండి, నాకేం అభ్యంతరం లేదు. సోమవారం గీసుకుని తడి కత్తి పక్కన పడేస్తే మాత్రం బుధవారం నాటికి ఫలితం మీ చెంపకే తెలుస్తుంది.

తుప్పు పట్టని వాదర కావాలనే కోరిక ఇవాళ్టిది కాదు. 1820లో మైకేల్ ఫారడే, లండన్‌లో కత్తులు తయారుచేసే జేమ్స్ స్టోడార్ట్ కలిసి ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూశారు. మేలైన వాదర నిలుస్తుందా, తుప్పు తగ్గుతుందా అన్నవే వాళ్ల ప్రశ్నలు. మన దేశపు వుట్జ్ ఉక్కును ఫారడే అంతకుముందే పరీక్షించాడు. ఆ ఉక్కు తయారైన చోట్లలో తెలంగాణలోని కోనసముద్రం ఒకటి. క్రోమియం కలిపిన స్టెయిన్‌లెస్ కోసం 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ దాకా ఆగాల్సి వచ్చింది.

కొనేవాళ్లకి నా మాట: రోజూ గీసుకుంటూ కత్తిని చంటిపిల్లలా చూసుకునే ఓపిక ఉంటే కార్బన్ ఉక్కు తీసుకోండి. రాయి మీద తొందరగా లొంగుతుంది, నూరడం నేర్చుకోవడానికి అదే మంచిది. వారానికొకసారి వాడే డెల్టా మనిషికి స్టెయిన్‌లెస్సే. నూరడం కాస్త కష్టం, అయినా మేలు. దానికీ క్లోరైడు గుంటలు పెడుతుంది, కాకపోతే నెమ్మదిగా. వెడల్పు అంగుళంలో 5/8 గాని 6/8 గాని, కత్తి ముందు చివర గుండ్రంగా ఉన్నది చాలు. ఇంకొకరి ముఖానికి వాడొద్దు. సెలూన్లన్నీ సగం బ్లేడుకి మారింది హెపటైటిస్, హెచ్‌ఐవీ భయంతోనే.

తాతల నాటి జర్మనీ కత్తి దొరికితే ముందు గుంటలు ఎక్కడున్నాయో చూడండి. వెన్ను దగ్గరుంటే అందం పోయింది, అంతే. వాదర దగ్గరుంటే, నూరుతున్న కొద్దీ గుంట వాదర మీదికొచ్చి గాటుగా తేలుతుంది. తర్వాత పిడి వాసన చూడండి. దంతంలాగో తాబేటి చిప్పలాగో కనిపించే పాత పిడులు చాలావరకు సెల్యులాయిడ్. అంటే నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపినది. వేడికీ తేమకీ అది ఏళ్ల తరబడి విరిగిపోతూ నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతుంది. చెమ్మ తగిలితే అవి నైట్రిక్ ఆమ్లం. పిడి కప్పిన మేరకే తుప్పు పట్టి ఉంటే, ఘాటు వాసన వస్తుంటే, దాన్ని మిగతా కత్తుల పెట్టెలో పెట్టకండి. ఆ ఆవిరి వాటినీ తినేస్తుంది. నిప్పు దగ్గరికి అసలే వద్దు. కర్పూరం సంగతి తెలిసిందే, నైట్రోసెల్యులోజూ మండడంలో అంతకన్నా తక్కువేం కాదు.

ఉన్న కత్తిని కాపాడుకోవడానికి కాలవ నీళ్లో, తాగే నీళ్లో వాడండి, బోరు నీళ్లు వద్దు. తుడిచాక దూదితో స్పిరిట్ అద్దండి, పిడి సందులో దాగిన నీళ్లు దాంతో పోతాయి. ఆ సందుల్లో తేమ బయటకన్నా గట్టిగా పట్టుకుని ఉంటుంది. పట్టా మీద వెన్ను ముందు, వాదర వెనక ఉండేలా లాగి, తిప్పేటప్పుడు వెన్ను మీదుగా తిప్పండి. ఆనక పలచగా నూనె. కత్తిని స్నానాలగదిలో పెట్టొద్దు. పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఒకటి పడేయండి.

నూనె అనగానే మనకి కొబ్బరినూనె గుర్తొస్తుంది. అందులో 90 శాతం సంతృప్త కొవ్వులే, కాబట్టి అవిసె నూనెలా బంక కట్టదు. తాజాదైతే పనికొస్తుంది. కాస్త కనరుపట్టిందంటే అందులోని కొవ్వు ఆమ్లాలు పిడిలోని ఇత్తడి మేకుల్ని పట్టుకుని పచ్చటి చిలుము పుట్టిస్తాయి. కోనసీమ వాణ్ణయి ఉండి ఈ మాట అనడం కష్టంగానే ఉంది గాని, కత్తికి కుట్టుమిషను నూనె మేలు.

ఇప్పటికే గాట్లు పడిన మీ కత్తిని పట్టా బాగుచేయలేదు. 1000 నంబరు సానరాయితో (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు) మొదలుపెట్టి, వెన్నూ వాదరా రెండూ రాయికి ఆనేలా పెట్టి గాట్లు పోయేదాకా నూరండి. వెన్నే కోణాన్ని కాపాడుతుంది. తర్వాత 3000, 8000, ఓపికుంటే 12000. సంతలో తిరుగుడు చక్రం మీద సాన పట్టేవాళ్లకి మాత్రం ఇవ్వకండి. అంత సన్నటి వాదర క్షణంలో 300 డిగ్రీలు దాటి నీలిరంగు తిరుగుతుంది. ఆ మేర ఉక్కు మెత్తబడిపోతుంది. ఆ నీలం పోయేదాకా చేత్తో అరగదీస్తే గాని అసలు ఉక్కు మళ్లీ దొరకదు.