అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆ కేకలెందుకు? అపోహలు, వాస్తవాలు

టెక్సస్‌లో హైస్కూల్ పిల్లలకు లైన్ ఆట (బంతి దగ్గర ముందు వరుసలో నిలబడేవాళ్ళ ఆట) నేర్పిస్తుంటాను. మ్యాచ్‌కి వచ్చే మన తెలుగు తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని జట్టు దాడిని నడిపేవాడు) వేసే కేకల గురించే.

అపోహ: ప్రతి కేకా ఒక రహస్య సంకేతం.

వాస్తవం: చాలావరకు ఉత్తుత్తి మాటలే. ఏ రంగు 'లైవ్' (నిజంగా పనిచేసే సంకేతం) అన్నది జట్టు ముందే అనుకుంటుంది. ఎరుపు లైవ్ అయితే "బ్లూ 80" అని ఎంత అరిచినా మనవాళ్ళు పట్టించుకోరు. "రెడ్" అని వినపడితేనే ప్లే (ముందే వేసుకున్న ఎత్తు) మారినట్టు. 2014 జనవరిలో శాన్ డియాగో చార్జర్స్‌తో జరిగిన ప్లేఆఫ్‌లో డెన్వర్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ "ఒమాహా" అని 44 సార్లు అరిచాడు. జనమంతా దాని అర్థం కోసం వెతికారు. చార్జర్స్ మాత్రం ఐదుసార్లు బంతి కదలకముందే తొందరపడి పెనాల్టీలు ఇచ్చుకున్నారు.

అపోహ: స్నాప్ కౌంట్ (బంతి ఎప్పుడు వెనక్కి ఇవ్వాలో తెలిపే కేకల లెక్క) ఉన్నదే ఎదుటివాళ్ళను బోల్తా కొట్టించడానికి.

వాస్తవం: అది రెండో పని. మన లైన్‌మెన్ ఐదుగురూ ఒకేసారి కదలడం మొదటిది. హడల్‌లోనే (ప్లేకి ముందు గుమిగూడి మాట్లాడుకునేటప్పుడే) "ఆన్ టూ" అని చెప్పేస్తారు, అంటే రెండో "హట్"కి సెంటర్ (వరుస మధ్యలో ఉండేవాడు) క్వార్టర్‌బ్యాక్‌కి బంతి ఇస్తాడు. పరుగు పందెంలో తుపాకీ ఎప్పుడు పేలుతుందో ఒక్కడికే తెలిసినట్టు! డిఫెన్స్ మాత్రం బంతి కదిలేదాకా ఆగాలి. అందుకే ఎప్పుడు చూసినా "ఆన్ వన్" మీదే ఆడే జట్లంటే నాకు చిరాకు. రెండో క్వార్టర్‌కల్లా అవతలి డిఫెన్సివ్ ఎండ్‌కి (డిఫెన్స్ వరుస చివర నిలబడేవాడికి) ఆ లయ దొరికిపోతుంది.

హార్డ్ కౌంట్‌లో (ఎదుటివాళ్ళు ముందే కదిలేలా ఊరించే కేకల్లో) ఏమైనా చేయొచ్చనుకోవడమూ తప్పే. గొంతుతో ఊరించొచ్చు. తల విదిలించి స్నాప్ అయిపోయినట్టు నటిస్తే ఫాల్స్ స్టార్ట్ (బంతి ఇవ్వకముందే కదిలిన తప్పు), 5 యార్డులు పోతాయి.

అపోహ: గోలలో మాట వినపడకపోతే సైగతో సరిపోతుంది.

వాస్తవం: సైగతో పని జరుగుతుంది కానీ నష్టం ఉంది. క్వార్టర్‌బ్యాక్ కాలెత్తుతాడు, లేదా గార్డు (సెంటర్ పక్కన నిలబడేవాడు) సెంటర్‌ని తడతాడు. సెంటర్ తల ఎత్తి, మనసులో లెక్కపెట్టుకుని బంతి ఇస్తాడు. చివర నిలబడ్డ టాకిల్ ఒక కన్ను బంతి మీద, ఇంకో కన్ను మీదికొచ్చేవాడి మీద పెట్టాలి. ముందు కదిలే వీలు అక్కడే పోతుంది, టెన్షన్‌లో ఫ్లాగ్ (పెనాల్టీ) పడుతుంది. 2005 నవంబరులో సియాటిల్ స్టేడియం హోరులో న్యూయార్క్ జెయింట్స్‌కి ఒక్క మ్యాచ్‌లోనే 11 ఫాల్స్ స్టార్ట్‌లు పడ్డాయి.

అపోహ: అంతా కోచే హెల్మెట్ రేడియోలో చెబుతాడు.

వాస్తవం: ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) ప్లే క్లాక్ (తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు) 15 సెకన్లకు రాగానే ఆ రేడియో ఆగిపోతుంది. ఆ తర్వాత "54 మైక్" అని 54 నంబరు లైన్‌బ్యాకర్‌ని (డిఫెన్స్ ముందు వరుస వెనకుండేవాడిని) చూపించి, ఎవరు ఎవరిని ఆపాలో ఆటగాళ్ళే తేల్చుకోవాలి. చాలా జట్లలో ఆ కేక వేసేది క్వార్టర్‌బ్యాక్ కాదు, సెంటర్.