టాన్సిల్‌ను మొత్తం తీయాలా, కొంత ఉంచాలా?

టాన్సిల్స్ తొలగించే పద్ధతుల్లో ఏది మేలన్న చర్చ ఇప్పుడు యంత్రాల పేర్ల చుట్టూ తిరుగుతున్నా, దాని మూలంలో ఉన్న ప్రశ్నలు పాతవే: ఎంత మేర తీయాలి, రక్తాన్ని ఎలా ఆపాలి.

క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్, టాన్సిల్‌ను వేలితో చుట్టూ వదులు చేసి పెకలించాలని, అలా రాకపోతే కొక్కెంతో పట్టి కత్తితో కోయాలని రాశాడు. మత్తుమందు లేని రోజుల్లో చేతివేగమే అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి, 1828లో ఫిలడెల్ఫియా వైద్యుడు ఫిలిప్ సింగ్ ఫిజిక్ కొండనాలుక కోసే పరికరాన్ని టాన్సిల్స్‌కు అనువుగా మార్చడంతో, జారే బ్లేడుతో ఒక్క వేటున తెంచే గిలోటిన్ పద్ధతి స్థిరపడింది. అయితే ఆ పరికరం సాధారణంగా పైకి ఉబ్బిన భాగాన్నే తెంచేది. మిగిలిపోయిన కణజాలం మళ్లీ వాచేది.

20వ శతాబ్దం తొలినాళ్లలో, 1909లో లండన్‌లో వా అనే వైద్యుడు, 1917లో అమెరికాలో క్రో అనే వైద్యుడు ప్రచురించిన అనుభవాల బలంతో, టాన్సిల్‌ను దాని పొరతో సహా విడదీసి తీసి, రక్తనాళాలను ముడివేసే పద్ధతి ప్రమాణంగా మారింది. దీనికి చెల్లించే మూల్యం నొప్పి, ఎందుకంటే పొర పోయాక గొంతు కండరం బయటపడుతుంది. నిజానికి ఆ దశాబ్దాల్లో ఎలా కోయాలన్న దానికంటే అసలు కోయాలా అన్నదే పెద్ద ప్రశ్న కావలసింది: ఇంగ్లండ్ బడిపిల్లల్లో ఈ శస్త్రచికిత్సల రేటు ప్రాంతాన్ని బట్టి విపరీతంగా మారుతోందని, దానికి తగిన వైద్య కారణం కనబడదని 1938లో వైద్యుడు గ్లోవర్ చూపించాడు.

తర్వాత వచ్చిన డయాథర్మీ విద్యుత్తు వేడితో రక్తాన్ని అక్కడికక్కడే ఆపి, శస్త్రచికిత్స సమయంలో రక్తనష్టాన్ని తగ్గించింది. ఉప్పునీటి ద్రావణంలో పుట్టించిన ప్లాస్మాతో (విద్యుదావేశం గల కణాలతో), అంతకన్నా తక్కువ వేడిలో కణజాలాన్ని కరిగించే కోబ్లేషన్ ఆ తర్వాతిది. అయితే అసలు పరీక్ష ఆపరేషన్ గదిలో కాదు, వారం రోజులకు పుండు మీది పక్కు ఊడేటప్పుడు ఎదురవుతుంది. 2003-04లో ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో దాదాపు 34 వేల మంది రోగులను పరిశీలించిన జాతీయ ఆడిట్‌లో, వేడి వాడని సంప్రదాయ పద్ధతికే శస్త్రచికిత్స తర్వాతి రక్తస్రావం తక్కువగా, డయాథర్మీ, కోబ్లేషన్‌లకు ఎక్కువగా కనిపించింది.

విచిత్రమేమిటంటే, ఒకప్పుడు లోపంగా ఎంచి వదిలేసిన పాక్షిక తొలగింపే కొత్త పరికరాలతో తిరిగొచ్చింది. నిద్రలో శ్వాస అడ్డుపడే పిల్లలకు, పొరను ఆనుకుని పలుచని కణజాలాన్ని ఉంచి మిగతాది తీసేస్తే కండరం కప్పబడే ఉంటుంది, నొప్పి, రక్తస్రావం తగ్గుతాయి. ఉంచిన ఆ కాస్త కణజాలమే కొద్దిమందిలో మళ్లీ పెరిగి, రెండో శస్త్రచికిత్స దాకా తీసుకువెళుతుంది.