ఎస్ఎస్ సైలెన్సర్ పైపు ఇంట్లో వెల్డింగ్: అపోహలు - వాస్తవాలు

చిన్న ఇన్వర్టర్ టిగ్ వెల్డింగ్ మిషన్ల ధరలు దిగివచ్చాక స్టెయిన్‌లెస్ స్టీలు (ఎస్ఎస్)తో చేసిన బండి బెండ్ పైపునో కారు ఎగ్జాస్ట్ పైపునో ఇంటి షెడ్డులోనే అతికించుకునేవారు పెరిగారు. కరిగిన లోహానికి గాలి తగలకుండా ఆర్గాన్ వాయువును ఊదుతూ చేసే ఈ పనినే షాపుల్లో మేము ఆర్గాన్ వెల్డింగ్ అని పిలుస్తాం. ఆసక్తితో నేర్చుకుంటున్న వారిని చూస్తే సంతోషంగా ఉంటుంది. కానీ అలా చేసుకున్న పైపులు కొన్నాళ్లకే పగిలి మరమ్మతుకు వస్తాయి. పైన చూస్తే అతుకు చక్కగానే ఉంటుంది. పైపు కోసి లోపలి వైపు చూపిస్తే తప్ప తప్పెక్కడ జరిగిందో వారికి తెలియదు.

అపోహ: పైన అతుకు అందంగా వస్తే పని అయిపోయినట్టే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. టార్చి (చేత్తో పట్టుకునే వెల్డింగ్ పనిముట్టు) నుంచి వచ్చే ఆర్గాన్ పైవైపును మాత్రమే కాపాడుతుంది. పైపు గోడ మందం 1.5 మిల్లీమీటర్లే కాబట్టి లోపలి వైపు కూడా కరుగుతుంది, అక్కడేమో గాలి ఉంటుంది. స్టీలుకు తుప్పు పట్టకుండా చూసే క్రోమియం ఆ వేడిలో ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. లోపలంతా మాడిన చక్కెర పాకంలా నల్లగా, గరుకుగా బుడిపెలు కడుతుంది. వెల్డర్లు దీన్ని షుగరింగ్ అంటారు. అతుకు మందంలో కొంత భాగం అక్కడికక్కడే పనికిరాకుండా పోతుంది. ఇంజన్ అదురుకు పగులు మొదలయ్యేది ఆ గరుకు అంచు దగ్గరే.

దీనికి మందు పర్జింగ్, అంటే పైపు లోపల కూడా ఆర్గాన్ నింపడం. రెండు చివరలనూ అల్యూమినియం రేకుతో, టేపుతో మూయండి. ఆర్గాన్ గాలి కన్నా బరువు. అందుకే గొట్టాన్ని కింది చివర నుంచి లోపలికి పంపి, పై చివర గాలి బయటికి పోయేందుకు చిన్న రంధ్రం వదలండి. 50 మిల్లీమీటర్ల పైపు ఒక మీటరు పొడవుంటే దానిలో పట్టేది సుమారు 2 లీటర్లే. నిమిషానికి 5 లీటర్ల చొప్పున రెండు మూడు నిమిషాలు వదిలితే లోపలి గాలి చాలావరకు బయటికి పోతుంది. తరువాత ప్రవాహం తగ్గించి వెల్డింగ్ మొదలుపెట్టాలి. ఇంకా వెల్డ్ చేయని సందులపై టేపు వేసి, చేయబోయే చోట మాత్రం తీస్తూ వెళ్లండి. ట్యాకులు (ముక్కలు కదలకుండా ముందుగా అక్కడక్కడా వేసే చిన్న అతుకులు) వేసేటప్పుడు కూడా పర్జింగ్ ఉండాలి. ట్యాకే కదా అని వదిలేసిన చోటే షుగరింగ్ మొదలవుతుంది.

పర్జింగ్‌కు కావలసిన రెండో గ్యాస్ రెగ్యులేటర్ కొనలేనివారు మెథనాల్‌లో కలిపి లోపలి వైపు పూసే ఫ్లక్స్ పొడి (లోహానికి గాలి తగలకుండా కాపాడేది) వాడుతుంటారు. అదీ పనిచేస్తుంది. అయితే గాజులాంటి పెచ్చు మిగులుతుంది. అది ఊడి కెటలిటిక్ కన్వర్టర్‌లోకి (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) పోవచ్చు కాబట్టి దానికి ముందుండే పైపులకు నేను వాడను.

అపోహ: గ్యాస్ ఎంత ఎక్కువ వదిలితే అంత మంచిది.

కాదు. ప్రవాహం మరీ పెరిగితే గ్యాస్ సుడి తిరిగి చుట్టూ ఉన్న గాలిని అతుకు మీదికి లాక్కొస్తుంది. టార్చికి సాధారణంగా నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు చాలు. లోపలి గ్యాస్‌తో మరింత జాగ్రత్తగా ఉండాలి. చివరి సందు మూసే సమయానికి లోపల ఒత్తిడి ఎక్కువగా ఉంటే కరిగిన లోహాన్ని అది బయటికి ఊదేసి బెజ్జం చేస్తుంది.

అపోహ: అయస్కాంతం అంటుకుంటే అది స్టెయిన్‌లెస్ కాదు.

కంపెనీలు ఎగ్జాస్ట్‌లకు విరివిగా వాడే 409 రకంలో క్రోమియం సుమారు 11 శాతం ఉంటుంది, అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటుంది. అయినా అది స్టెయిన్‌లెస్సే. 304లో క్రోమియం సుమారు 18, నికెల్ సుమారు 8 శాతం ఉంటాయి. అది మామూలుగా అంటుకోదు, వంచిన చోట మాత్రం కొద్దిగా అంటుకుంటుంది. మరోవైపు గేట్లకు, మెట్ల రెయిలింగ్‌కు అమ్మే 202 పైపు అయస్కాంతానికి అంటుకోదు. దాన్ని చూసి 304 అనుకుని కొనేవారు ఎందరో. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు. తుప్పును తట్టుకోవడంలో అది 304కు సాటిరాదు. అయస్కాంతాన్ని పక్కన పెట్టి, దుకాణదారుణ్ణి మిల్లు సర్టిఫికెట్ (లోహంలో ఏమేం ఉన్నాయో చెప్పే తయారీదారు పత్రం) అడగండి.

ఫిల్లర్ (అతుకులో కరిగించి కలిపే తీగ) విషయానికొస్తే 304ను 304కు కలపడానికి 308ఎల్, స్టెయిన్‌లెస్‌ను మామూలు ఇనుప ఫ్లాంజికి (పైపు చివర బోల్టులు బిగించే బిళ్ల) కలపడానికి 309ఎల్. చివర ఉన్న ఎల్ తక్కువ కార్బన్‌కు గుర్తు. కార్బన్ ఎక్కువైతే వేడికి క్రోమియంతో జతకట్టి అతుకు పక్కనే తుప్పుకు దారిస్తుంది.

అపోహ: ఇంద్రధనుస్సు రంగులు వస్తే గొప్ప అతుకు.

లేత బంగారు రంగు మంచిదే. నీలం రంగు వేడి ఎక్కువైందని చెబుతోంది. బూడిద రంగు, నలుపు వస్తే గ్యాస్ రక్షణ చాలలేదని, లేదా లోహం మాడిందని అర్థం. 304 లాంటి స్టెయిన్‌లెస్ వేడిని మామూలు ఇనుములో మూడో వంతు వేగంతోనే పంచుతుంది, వ్యాకోచం మాత్రం సుమారు సగం ఎక్కువ. అంటే వేడి ఒకేచోట నిలిచిపోయి పైపు వంకరపోతుంది. 1.5 మిల్లీమీటర్ల పైపుకు 45 నుంచి 60 ఆంపియర్లు సరిపోతాయి. అంచుల మధ్య వెలుతురు కనబడనంతగా సందు సరిచేసుకుని, ఎదురెదురుగా ట్యాకులు వేసి, కొద్దికొద్దిగా నడపండి. ముగించాక టార్చిని వెంటనే ఎత్తకండి. అతుకు చల్లబడే వరకు దాని మీద గ్యాస్ పడుతూ ఉండాలి. శుభ్రం చేయడానికి స్టెయిన్‌లెస్ బ్రష్షే వాడండి. ఇనుము రుద్దిన బ్రష్షు వాడితే ఆ ఇనుప రేణువులు దీనికి అంటుకుని తుప్పు మరకలు వస్తాయి.

అపోహ: పని అయ్యాక బెల్లం, అరటిపండు తింటే పొగ కడుక్కుపోతుంది.

తరతరాలుగా వింటున్న మాట. చెప్పేవారి ప్రేమను కాదనను. కానీ బెల్లం వెళ్లేది కడుపులోకి, పొగ వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి. స్టెయిన్‌లెస్ వెల్డింగ్ పొగలో ఆరు వేలెన్సీ క్రోమియం ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగలన్నిటినీ మొదటి వర్గం క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. టిగ్‌లో పొగ కంటికి తక్కువగా కనబడుతుంది కాబట్టి లేదనుకుంటాం. తలుపులు తెరిచి, పొగను ముఖానికి దూరంగా పక్కకు లాగే ఫ్యాను పెట్టి, లోహపు పొగలను ఆపే ఫిల్టర్ మాస్కు తొడగండి. గుడ్డ కట్టుకుంటే చాలదు. మూసిన గదిలో బరువైన ఆర్గాన్ నేల దగ్గర చేరి ఆక్సిజన్‌ను తరిమేస్తుంది. మనలో చాలామంది నేల మీద కూర్చునే పనిచేస్తామని మరచిపోకండి.

క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో పైపును తుడిచి వెల్డింగ్ చేస్తే ఆర్క్ (టార్చి కొన దగ్గర మండే విద్యుత్ మెరుపు) వెలుగుకు, వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. దానితో ప్రాణానికే ముప్పు. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ డబ్బాను దూరంగా పెట్టాకే ఆర్క్ కొట్టండి. జింకు పూసిన క్లాంపులను కూడా ఇదే పనిలో కలిపి వెల్డ్ చేయవద్దు.

అపోహ: కళ్లలో ఇసుక పడినట్టుంటే పాలచుక్కలు వేస్తే తగ్గుతుంది.

అది ఆర్క్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలకు కంటి పైపొర కమలడం. కొన్ని గంటల తరువాత, సాధారణంగా రాత్రిపూట మొదలవుతుంది. పాలు వేస్తే ఇన్ఫెక్షన్ రావచ్చు. డాక్టరుకు చూపించండి. పక్కన నిలబడి చూసే పిల్లలకూ ఇదే జరుగుతుంది కాబట్టి వాళ్లను ముందే పంపించేయండి.

అపోహ: పైపు బండికి ఉండగానే వెల్డ్ చేసుకోవచ్చు.

కొలత కుదరడానికి బండి మీద నాలుగు ట్యాకులు వేయాల్సి వస్తే ముందు బ్యాటరీ తీగలు విప్పండి, ఆక్సిజన్ సెన్సార్ తీసేయండి, ఎర్త్ క్లిప్పును పైపుకే, ట్యాక్ పక్కనే తగిలించండి. పెట్రోలు ట్యాంకు, గొట్టాలు దగ్గర్లో ఉంటే అదీ వద్దు, గీతలు గీసుకుని పైపు విప్పుకోండి. పూర్తి అతుకు ఎప్పుడైనా బల్ల మీదే. లోపల ఆర్గాన్ నింపే వీలు అక్కడే ఉంటుంది.