నాయనమ్మ రిపోర్టులో 9.2

బ్రాడీపేట, గుంటూరు

ప్రియమైన పిల్లలూ,

మొన్న ఫోనులో మీరు అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. "నాయనమ్మ రక్తంలో కాల్షియం 9.2 ఉంది, ఉండాల్సినంతే ఉందని డాక్టరుగారు కూడా అన్నారు. మరి పెరట్లో జారిన మాత్రానికే మణికట్టు ఎందుకు విరిగింది తాతయ్యా?" అని. ముప్పై ఏళ్లు రక్తపరీక్షల గదిలో పనిచేసిన నేను రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను.

వేసవిలో మిమ్మల్ని ప్రకాశం బ్యారేజీ మీదికి తీసుకెళ్లాను కదా. అక్కడ నీటిమట్టం 12 అడుగుల దగ్గర నిలిచేలా చూస్తారు, కాలువలకు నీరందాలి గనుక. బ్యారేజీలో పట్టేది 3 టీఎంసీలే. తగ్గినప్పుడు ఎగువన ఉన్న పులిచింతల నుంచి వదులుతారు. అక్కడ 45 టీఎంసీలకు పైగా పడుతుంది. బ్యారేజీ నిండుగా ఉందని చూసి మురిసేవాడికి పులిచింతల అడుగంటిన సంగతి ఎలా తెలుస్తుంది?

ఒంట్లో కాల్షియం సంగతీ అంతే. పెద్దవాళ్ల శరీరంలో సుమారు కిలో కాల్షియం ఉంటే, అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. రక్తంలో తిరిగేది చాలా కొద్ది, డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు. కానీ గుండె కండరం ముడుచుకోవాలన్నా, నరం కబురు మోయాలన్నా, తెగినచోట రక్తం గడ్డకట్టాలన్నా ఆ కొద్దిపాటి కాల్షియమే కావాలి. అందుకే దానికి కాపలా ఉంది. మెడలో, థైరాయిడ్ వెనుక, బియ్యపు గింజంతేసి గ్రంథులు నాలుగు ఉంటాయి. వాటిని పారాథైరాయిడ్ గ్రంథులంటారు. రక్తంలో కాల్షియం రవ్వంత తగ్గినా అవి పీటీహెచ్ అనే హార్మోనును వదులుతాయి. అది ఎముకలోని కాల్షియాన్ని రక్తంలోకి రప్పిస్తుంది, మూత్రంలో పోయేదాన్ని కిడ్నీల దగ్గర ఆపుతుంది. రక్తం లోటు తీరుతుంది, ఆ లోటును ఎముక భరిస్తుంది.

నాయనమ్మకు జరిగింది ఇదే. తరువాతి పరీక్షలో ఆమె విటమిన్ డి 11 అని వచ్చింది. 20 కన్నా తగ్గితే లోటు కిందే లెక్క. పీటీహెచ్ మాత్రం ఎక్కువగా ఉంది. డి లేనిదే పేగులు తిండిలోని కాల్షియాన్ని సరిగా పీల్చుకోలేవు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో డి లోటేమిటని మీకు అనిపించవచ్చు. ఆ ఎండకు జడిసే మనం తలుపులు మూసుకుని కూర్చుంటాం. కిటికీ అద్దంలోంచి పడే ఎండతో చర్మం డి తయారు చేయలేదు.

అయితే కాల్షియం పరీక్ష వృథా అనుకోకండి. అంకె పెరిగి కనిపిస్తే, ఆ నాలుగు గ్రంథుల్లో ఒకటి ఉబ్బి అదుపు తప్పిందేమోనని ముందు చూస్తారు. కిడ్నీలో రాళ్లు, మలబద్ధకం, తీరని దాహం, నీరసం వెంట వస్తాయి. కొన్నిసార్లు క్యాన్సర్ కూడా ఇలాగే బయటపడుతుంది. తగ్గితే పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో చిమచిమలాడుతుంది. బీపీ పట్టీ బిగించి ఉంచితే చేయి కొంకర్లు పోతుంది. థైరాయిడ్ ఆపరేషన్ అయినవారిని ఈ భయంతోనే కనిపెట్టుకుని ఉంటారు. ఎముక బలం తెలియాలంటే మాత్రం డెక్సా అనే వేరే స్కాన్ ఉంది.

ఇక నా పని సంగతి ఒకటి చెప్పాలి. ఒకసారి ఒక రోగి కాల్షియం ప్రాణానికే ముప్పు అన్నంత తక్కువగా, పొటాషియం విపరీతంగా ఎక్కువగా వచ్చింది. మనిషి చూస్తే బెంచీ మీద కూర్చుని కబుర్లు చెబుతున్నాడు. ఊదా మూత గొట్టంలోని రక్తాన్ని ఎవరో ఎర్ర మూత గొట్టంలోకి వంచారు. ఊదా మూత గొట్టంలో ఈడీటీఏ అనే పొటాషియం లవణం ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. మళ్లీ రక్తం తీసి పరీక్షిస్తే అంతా సరిగానే ఉంది. చేతికి రబ్బరు పట్టీ ఎక్కువసేపు బిగించినా అంకె పెరుగుతుంది. రక్తంలో కాల్షియాన్ని మోసే అల్బుమిన్ అనే ప్రొటీన్ తక్కువైతే కాల్షియం నిజానికి సరిపడా ఉన్నా తక్కువగా కనబడుతుంది. చాలామంది ఆ అల్బుమిన్ అంకె చూడకుండానే కంగారుపడతారు.

కాల్షియంతో పాటు భాస్వరాన్నీ కొలుస్తాం. గొట్టంలో నీలిరంగు ఎంత చిక్కగా వస్తే భాస్వరం అంత ఎక్కువన్నమాట. ఆ పద్ధతిని 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి అందించింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆ నీలిరంగు తేలిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరించేది.

నాయనమ్మకు డాక్టరుగారు డి మందు రాశారు. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం పెరుగన్నం నేనే చూసుకుంటున్నాను. మూడు నెలల తరువాత మళ్లీ పరీక్ష చేయిస్తాను, అంకెలు మీకు రాస్తాను. విరిగింది కుడిచేయి కదా, కట్టు విప్పగానే మీకు తానే ఉత్తరం రాస్తానంటోంది.

మీ తాతయ్య