పిల్లాడు ఆగకుండా ఎత్తు పెరుగుతుంటే: అపోహలు - వాస్తవాలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి మా దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు పిల్లలు పొట్టిగా ఉన్నారనే బాధపడతారు. ఎత్తు ఎక్కువైందని వచ్చేవారు దాదాపు ఉండరు. పిల్లలు ఆగకుండా ఎత్తు పెరిగిపోయే జైగాంటిజం చాలా అరుదైన జబ్బు, నిజమే. కానీ ఆలస్యం చేస్తే చూపు దెబ్బతినొచ్చు.

అపోహ: మేనమామ పోలిక. ఎత్తు పెరిగితే మంచిదేగా!
వాస్తవం: పోలిక కావచ్చు. అయితే చూడాల్సింది ఎత్తును కాదు, పెరిగే వేగాన్ని. ఎదిగే వయసులో అబ్బాయిలు ఏడాదికి 8 నుంచి 10 సెంటీమీటర్లు పెరగడం మామూలే. తర్వాత ఆ జోరు తగ్గాలి. తగ్గకపోగా చెప్పులు మాటిమాటికీ బిగుతైపోవడం, తలనొప్పి, విపరీతమైన చెమట, ఆడపిల్లలకు నెలసరి మొదలుకాకపోవడం ఉంటే వెంటనే చూపించండి. మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అందులో గడ్డ పుట్టి గ్రోత్ హార్మోన్‌ను అదుపు లేకుండా వదులుతుంటే ఎముకలు సాగుతూనే ఉంటాయి. గడ్డ పెరిగి పైనున్న కంటి నరాలను నొక్కితే పక్కచూపు పోతుంది. సైకిల్ మీద వెళ్లేటప్పుడు పక్కనుంచి వచ్చే బండి కనిపించదు. ఎదుటిది బాగానే కనిపిస్తుంది కాబట్టి పిల్లాడు ఇంట్లో చెప్పడు.

అపోహ: ఎత్తు పెరిగే పొడులు తాగించడం వల్లే వచ్చింది.
వాస్తవం: కాదు. ఏ తల్లీ తనను తాను నిందించుకోవద్దు.

అపోహ: గ్రోత్ హార్మోన్ పరీక్ష నార్మల్ వచ్చింది, ఇక టెన్షన్ లేదు.
వాస్తవం: ఆ హార్మోన్ విడతలు విడతలుగా వస్తుంది, కాబట్టి ఒక్క శాంపిల్‌ను నమ్మలేం. గ్రోత్ హార్మోన్ ప్రభావంతో ఒంట్లో తయారయ్యే ఐజీఎఫ్-1 అనే పదార్థానికి రక్తపరీక్ష చేయించి, అది వయసుకు తగినట్టు ఉందో లేదో చూడాలి. గ్లూకోజ్ నీళ్లు తాగించాక గ్రోత్ హార్మోన్ తగ్గుతోందా అన్నదీ చూసి, ఆపై ఎంఆర్ఐ తీయిస్తాం.

అపోహ: తలలో గడ్డంటే క్యాన్సరే. తల కోస్తారు.
వాస్తవం: ఇది దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. ఎక్కువమందికి ముక్కు లోపలి నుంచే ఆపరేషన్ చేస్తారు. ఇలాంటివి తరచూ చేసే సర్జన్ ఉన్నచోటికే వెళ్లండి, బరంపురం దాటి విశాఖో భువనేశ్వరో పోవాల్సి వచ్చినా సరే.

అపోహ: ఆపరేషన్ అయితే మందులక్కర్లేదు.
వాస్తవం: గడ్డ కొంత మిగిలితే నెలనెలా ఆక్ట్రియోటైడ్ లేదా లాన్రియోటైడ్ ఇంజెక్షన్, కొందరికి క్యాబర్గోలిన్ మాత్రలు, ఒక్కోసారి రేడియేషన్ అవసరమవుతాయి. వచ్చిన ఎత్తు మాత్రం తగ్గదు. కొందరికి ఆపరేషన్ తర్వాత ఒంటికి తప్పనిసరైన కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గుతుంది, వాళ్లకు దాని బదులు స్టెరాయిడ్ మాత్రలు రాస్తాం. స్టెరాయిడ్ అనగానే భయపడి మానేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి, అది ప్రాణం మీదికి వస్తుంది. జ్వరం, వాంతులు వచ్చిన రోజు డోసు పెంచాలి కూడా.

కొన్ని కుటుంబాల్లో ఇది వంశపారంపర్యంగా వస్తుంది. అందుకే వచ్చేటప్పుడు అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల ఎత్తులు కూడా కొలిచి రాసుకురండి. పిల్లాడి పాత ఎత్తు బడి రికార్డుల్లో ఉంటే అదీ తీసుకురండి.