ట్రైనర్‌కి వేరే డబ్బులెందుకని అడిగావుగా

చిరంజీవి బుజ్జికి, తాతయ్య దీవెనలు.

జిమ్ ఫీజు కట్టాక కూడా మీ బాబాయి ట్రైనర్‌కి నెలనెలా విడిగా ఇస్తున్నాడనీ, ఆయనేమో పక్కన నిలబడి వన్, టూ అని లెక్కపెట్టడం తప్ప ఏమీ చేయడనీ రాశావు. ఆ డబ్బేదో నాకిస్తే నేనే లెక్కపెడతాగా అన్నావు చూడు, అది చదివి మీ నానమ్మ ఒకటే నవ్వు.

మన పెరట్లో సొరపాదు ఉందిగా. తీగని పైకి లాగితే తెగుతుంది. పక్కన కర్ర పాతి అరటినారతో వదులుగా కట్టడం వరకే నా పని, పాకేది తీగే. రోజూ పొద్దున్నే ఎటు వాలిందో చూసుకుంటాను. నీళ్ళు ఎక్కువైతే వేరు కుళ్ళుతుంది, విశ్రాంతి లేకుండా బరువులెత్తినా అంతే, ఎందుకంటే కండ బలపడేది ఎత్తేటప్పుడు కాదు, ఆ తర్వాత కడుపునిండా తిని పడుకున్నప్పుడు. పాదు బరువులు మోస్తుందా తాతయ్యా అంటావేమో, సొరకాయ బరువు కాదూ? పిందె పెరిగేకొద్దీ తొడిమా గట్టిపడుతుంది. మొదటిరోజే ఇంత కాయ వేలాడదీస్తే ఆగుతుందా? అందుకే మంచి ట్రైనర్ ముందు బీపీ ఉందా, నడుంనొప్పి ఉందా అని అడిగి, ప్లేట్లు తగిలించని ఉత్త రాడ్ చేతికిస్తాడు. పెద్ద రాడ్ అయితే అదే 20 కిలోలు! మొదటి వారాల్లో వచ్చే బలం చాలావరకు కండ పెరిగి వచ్చింది కాదట, ఉన్న కండని వాడుకోవడం నరాలు నేర్చుకోవడం వల్లనట. ఈ వయసులోనూ నాకది వింతగానే ఉంటుంది.

మా చిన్నప్పుడు విజయనగరంలో తాలింఖానాకి, అంటే అప్పటి వ్యాయామశాలకి వెళ్ళేవాళ్ళం. కుస్తీ పట్టడానికి ఎర్రమన్ను గోదా, గోడకి ఆంజనేయస్వామి పటం. నేర్పించే వస్తాదు గారు కొత్తవాళ్ళని గోదాలోకి రానిచ్చేవారు కాదు, ముందు మన్ను తవ్వించి దండీలు, బస్కీలు, అంటే మీ పుషప్‌లు, స్క్వాట్ల లాంటివి తీయించేవారు. వీపు వంగితే వెనకనుంచి బెత్తం ఆనించేవారు, కొట్టడం కాదు, ఆనించడమే, వీపు దానంతటదే నిటారయ్యేది. ఫీజు లేదు, పండక్కి పంచె, ఇంట్లో గేదె ఈనితే జున్నుపాలు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులు తెంచిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారు కూడా సర్కస్ పెట్టకముందు మా విజయనగరంలో వ్యాయామం నేర్పిన మాస్టారే.

ఇప్పటి ట్రైనర్‌కి జున్నుతో గడవదు కదా. తెల్లారకముందే జిమ్‌లో ఉండాలి, మధ్యాహ్నం ఖాళీ, మళ్ళీ ఆఫీసులు వదిలాక రాత్రి పదిదాకా. జీతం తక్కువ, విడిగా వచ్చేదాంట్లోనూ చాలాచోట్ల జిమ్ వాళ్ళు వాటా పట్టుకుంటారు. చదువూ సర్టిఫికెట్టూ లేకుండా కండలు చూపించి ట్రైనర్లయిపోయేవాళ్ళూ ఉన్నారనుకో. పౌడర్ డబ్బాలు అంటగట్టేవాడు, మోకాలు నొప్పంటే డాక్టర్ దగ్గరికి పంపకుండా తనే వైద్యం మొదలెట్టేవాడు తగిలితే, మీ బాబాయిని ఓ దణ్ణం పెట్టి బయటికొచ్చేయమను.

మిగతాది నువ్వే చూడు. రేపు అక్కని ఎదురుగా కూర్చోబెట్టి బస్కీలు తియ్యి. అలసట వచ్చేసరికి మోకాళ్ళు లోపలికి వాలినా, మడమలు లేచినా నీకు తెలియదు, తనకి కనపడుతుంది. తర్వాత అక్క వంతు. మోకాళ్ళు సరిగ్గానే ఉన్నాయని పోట్లాటకొస్తుంది, అందుకని ముందే ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకో.

మీ తాతయ్య